పొలం వీడియో మసకబారకుండా ఎక్స్‌పోర్ట్ చేసుకునే పద్ధతి



జీవామృతం ఎట్ల కలపాలె, కషాయం ఎట్ల కాయాలె అని ఇప్పుడు మన రైతులే సొంతంగా వీడియోలు తీసి పెడుతున్నారు. చాలా సంతోషం. రాయికల్, కోరుట్ల, జగిత్యాల వైపు రైతులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: ఫోన్‌లో అద్దంలెక్క ఉన్న వీడియో, పంపినంక ఎందుకు మసకబారుతుంది?

ఇది వీడియో అందం గురించిన ముచ్చట కాదు. వరిలో జింకు లోపం వల్ల వచ్చే తుప్పు రంగు మచ్చలు వేరు, గోధుమ రంగు మచ్చ తెగులు వేరు. తెగులు మచ్చ కోలగా ఉండి, చుట్టూ పసుపు వలయం కనబడుతుంది. వీడియో మసకబారితే ఆ వలయమే ముందు పోతుంది, రెండూ ఒకే మరకలా కనిపిస్తాయి. మొగి పురుగు గుడ్ల ముద్ద కూడా అంతే, ఆకు కొసన చిన్నగా ఉంటుంది. మన వీడియో చూసి ఇంకో రైతు తన మడిలో నిర్ణయం తీసుకుంటాడు. అందుకే సెట్టింగులు తెలుసుకోవాలి.

పొలం వీడియోనే ఎందుకు పాడవుతుంది?

వీడియోలో ప్రతి ఫ్రేమునూ పూర్తి ఫొటోలా దాచరు. ఒక ఫ్రేమును పూర్తిగా దాచి, ఆ తర్వాతి వాటిలో మారినంత వరకే రాసుకుంటారు. గోడ ముందు కూర్చుని మాట్లాడే మనిషి వీడియోలో మారేవి పెదవులు, చేతులే. గాలికి ఊగే వరి మడిలో మాత్రం ప్రతి ఆకూ కదులుతూనే ఉంటుంది. నీటి అలలు, మామిడి కొమ్మలు కూడా అంతే. అందుకే అదే సైజులో స్టూడియో వీడియో బాగుంటుంది, మన పొలం వీడియో గళ్లుగళ్లుగా కనబడుతుంది.

కాబట్టి సగం పని తీసేటప్పుడే అయిపోవాలి. ఫోన్‌ను స్టాండు మీదనో, కట్టెకు ఆనించో పెట్టండి. ఆకు, పురుగు చూపించేటప్పుడు వెనక తెల్ల అట్టముక్క పెట్టి, ఐదారు సెకన్లు కదపకుండా ఉంచండి. వెనక ఊగే పైరు కనబడకపోతే, ఉన్న డేటా అంతా ఆకు మీదికే పోతుంది.

మూడు మాటలు అర్థమైతే చాలు

ఎంపీ4 అనేది సంచి లాంటిది. అందులో బొమ్మ, సౌండ్ కలిపి ఉంటాయి.

బొమ్మను కుదించే పద్ధతిని కోడెక్ అంటారు. 2003లో వచ్చిన హెచ్.264 దాదాపు అన్ని ఫోన్లలో, టీవీల్లో ఆడుతుంది. 2013లో వచ్చిన హెచ్.265 (దీన్నే హెచ్ఈవీసీ అంటారు) అదే నాణ్యతను సుమారు సగం సైజులో ఇస్తుంది. కానీ కొన్ని పాత ఫోన్లలో ఆగిఆగి వస్తుంది, ఒక్కోసారి సౌండ్ వచ్చి బొమ్మ రాదు. మన వీడియో చూసేవాళ్లలో పాత ఫోన్లవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి పంచుకోవడానికి హెచ్.264 పెట్టుకోండి.

బిట్‌రేట్ అంటే మోటరు పోసే నీళ్ల లెక్క, సెకనుకు ఎంత డేటా అని. దాన్ని సెకన్లతో గుణించి 8తో భాగిస్తే ఫైలు సైజు ఎంబీల్లో వస్తుంది. 8 ఎంబీపీఎస్ పెడితే నిమిషానికి 60 ఎంబీ. ఐదు నిమిషాల వీడియో 300 ఎంబీ అయితది.

యూట్యూబ్‌కు

ఎంపీ4, హెచ్.264, 1080పీ, బిట్‌రేట్ 8 ఎంబీపీఎస్. 720పీ అయితే 5 ఎంబీపీఎస్. సెకనుకు 30 ఫ్రేములకు యూట్యూబ్ వాళ్లు సూచించే లెక్కలివే. పైరు బాగా ఊగే వీడియో అయితే నేను 1080పీకి 12 వరకు పెడతాను. ఫ్రేమ్ రేట్ తీసినప్పుడు ఎంత ఉందో అంతే ఉంచండి. 30లో తీసినదాన్ని 60 చేస్తే సైజు పెరుగుతుంది తప్ప కొత్త వివరం రాదు.

మనం ఎట్ల పెట్టినా యూట్యూబ్ మళ్లీ కుదిస్తుంది. అందుకే మనమిచ్చే ఫైలు బాగుండాలి. అట్లని 4కే అవసరం లేదు. సెకనుకు 2 మెగాబిట్లు ఎక్కే నెట్‌వర్క్‌లో 300 ఎంబీ ఫైలు 20 నిమిషాల్లో ఎక్కుతుంది. 4కే వీడియో 40 ఎంబీపీఎస్‌లో ఐదు నిమిషాలకు 1,500 ఎంబీ, అంటే గంటా నలభై నిమిషాలు.

ఎక్కినంక లింకు వెంటనే పంచకండి. యూట్యూబ్ ముందు తక్కువ క్వాలిటీ చూపిస్తుంది, హెచ్‌డీ తయారు కావడానికి కొంత సమయం పడుతుంది.

వాట్సాప్‌కు

మన జగిత్యాల, సిరిసిల్ల వైపు చాలా ఇళ్ల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లున్నారు. ఇంటి పొలం వాళ్లు చూసేది వాట్సాప్‌లోనే. మామూలుగా పంపితే వాట్సాప్ వీడియోను గట్టిగా కుదిస్తుంది. 2023 నుంచి హెచ్‌డీ గుర్తు ఉంది, అది నొక్కి పంపితే కొంత నయం. ఆకు మీది మచ్చ ఉన్నది ఉన్నట్టు కనబడాలంటే డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడు వాట్సాప్ కుదించదు. 2 జీబీ వరకు పోతుంది.

గ్రూపులో అందరి డేటా ఖర్చు చేయించకూడదనుకుంటే పూర్తి వీడియోకు లింకు ఇవ్వండి. పురుగు కనబడే ఒక్క నిమిషం ముక్కను 720పీ, 4 ఎంబీపీఎస్‌లో తీసి పంపండి. 30 ఎంబీలో అయిపోతది.

పెన్‌డ్రైవ్, ప్రొజెక్టర్‌కు

నెట్ లేకపోయినా వీడియో ఊరికి చేరుతుంది. 2006లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో మొదలైన డిజిటల్ గ్రీన్ చేసింది ఇదే. రైతులతోనే వీడియోలు తీసి, చిన్న ప్రొజెక్టర్లతో ఊరి సంఘాల్లో చూపించారు. మనమూ సంఘం మీటింగులో చూపించడానికి యూట్యూబ్‌కు చేసిన ఫైలునే వాడొచ్చు. ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ కంటే పెద్ద ఫైలు ఎక్కదని గుర్తుంచుకోండి.

సౌండ్, అక్షరాలు

సౌండ్‌కు ఏఏసీ, 128 కేబీపీఎస్ పెట్టండి. ఐదు నిమిషాలకు 5 ఎంబీ కూడా కాదు, ఇక్కడ పొదుపు చేయకండి. జీవామృతంలో 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 2 కిలోల బెల్లం అని మీరు చెప్పే లెక్క తప్పు వినబడితే నష్టం చూసే రైతుకు. ఆ కొలతలను తెర మీద పెద్ద అక్షరాలతో కూడా వేయండి, 360పీలో చూసినా చదవగలిగేటట్టు ఉండాలి.

అసలు ఫైలు దాచుకోండి

కుదించిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది, మళ్లీ రాదు. వాట్సాప్‌లో వచ్చిన వీడియోను ఎడిట్ చేసి మళ్లీ ఎక్కించకండి. మనం విత్తనాన్ని వేరుగా దాచుకున్నట్టే, కెమెరా నుంచి వచ్చిన అసలు ఫైలును కార్డులోనో హార్డ్‌డిస్కులోనో దాచి, ఏ కాపీ కావాలన్నా దాని నుంచే తీయండి.

పంపే ముందు ఒక్క పని చేయండి. ఇంట్లో ఉన్న పాత ఫోన్‌లో ఆ వీడియో పెట్టి, ఎండలో నిలబడి చూడండి. మచ్చ చుట్టూ వలయం కనబడి, కొలత స్పష్టంగా వినబడితే ఆ వీడియో పంపడానికి తయారైనట్టే.