వజ్రపు పట్టకారు

విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్ళే బస్సు ఇబ్రహీంపట్నం దాటి కంచికచర్ల చేరే లోపల పరిటాల వస్తుంది. ఇప్పుడు అందరూ అక్కడి ఎత్తయిన ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకొని సాగిపోతారు గాని, ఒకప్పుడు ఆ ఊరు వజ్రాలకు పేరు. కృష్ణకు ఆవలి ఒడ్డున, ఎగువనున్న కొల్లూరుది ఇంకా పెద్ద పేరు. పదిహేడవ శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు కొల్లూరు వచ్చి, ఆడా మగా పిల్లలూ కలిసి 60,000 మంది గనుల్లో పనిచేస్తున్నారని రాసుకొన్నాడు. ఆ కొల్లూరు నేడు పులిచింతల జలాశయం అడుగున ఉన్నది. ఫ్రాన్సు రాజుల కిరీటానికెక్కిన 'రీజెంటు' వజ్రం ఈ గనుల్లోదే నంటారు. దాన్ని తవ్విన కూలీ కాలిలో గాయం చేసుకొని అందులో దాచాడనీ, ఓడ కప్తాను అతన్ని చంపి కాజేశాడనీ ఒక కథ. కథ నిజమో కాదో గాని, కూలీకి ఏమీ మిగలలేదన్నది మాత్రం నమ్మదగిన మాటే.

రాజులు వజ్రంలో మెరుపు చూశారు. రసాయన శాస్త్రజ్ఞులు చూసేది వేరు. అది దేనికీ లొంగనంత గట్టిది, అయినా గాజులాగా ఆరపార కనబడనిస్తుంది. 1958 ప్రాంతంలో అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్సులో వాన్ వాల్కెన్‌బర్గు, ఆయన సహచరులు ఈ రెండు గుణాలనూ జోడించి ఒక పట్టకారు వంటి సాధనం తయారుచేశారు. అందులో వాడిన వజ్రాలు దొంగరవాణాదార్ల దగ్గర ప్రభుత్వం జప్తు చేసినవి!

రెండు వజ్రాల కొనలను కొంచెం చదును చేసి ఎదురెదురుగా నిలుపుతారు. మధ్య ఒక లోహపు రేకు, రేకులో చిన్న బెజ్జం, బెజ్జంలో స్ఫటికం, దాని చుట్టూ ద్రవం. మరలు బిగిస్తే చాలు. బండ మీద నిలబడితే కాలికి ఏమీ కాదు గాని తుమ్మముల్లు మీద అడుగు వేస్తే దిగబడుతుంది గదా! కొన సన్నమైతే కొద్ది బలానికే విపరీతమైన వత్తిడి పుడుతుంది. ఆ వత్తిడిని కొలవడానికి లోపల ఒక కెంపు రవ్వ వేస్తారు. వత్తిడి పెరిగేకొద్దీ కెంపు వెదజల్లే వెలుగు రంగు మారుతుంది. నవరత్నాలలో రెండు ఈ విధంగా ఉద్యోగంలో కుదిరాయి.

ఈ పట్టకారులో ఇప్పుడు నొక్కి చూస్తున్న వాటిలో ఒకటి స్పంజి వంటి స్ఫటికం. ఇంగ్లీషులో మెటల్-ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్కు అంటారు. తెలుగులో 'లోహ-సేంద్రియ చట్రం' అందామంటే, సేంద్రియం అనగానే మన రైతులకు పశువుల ఎరువు జ్ఞాపకం వస్తుంది! కనుక ఉత్త 'చట్రం' అనుకొందాం. లోహపు పరమాణువులు ముడులు, కర్బనపు అణువులు వాసాలు, మధ్యవి ఖాళీ గదులు. కొన్ని చట్రాలలో ఒక్క గ్రాము లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే ఎకరం దాటుతుంది. వీటిని కనిపెట్టి పెంచినందుకే కిటగావా, రాబ్సన్, యాఘీలకు 2025లో నోబెల్ బహుమతి వచ్చింది.

గదులు కట్టడం ఒక ఎత్తు, వాటి గోడలను మన అవసరానికి మలచుకోవడం మరొక ఎత్తు. కావలసిన అంశాలన్నీ మొదటే కలిపితే కొన్ని ఆ వేడికి చెడిపోతాయి, కొన్ని అసలు కట్టడాన్నే సాగనివ్వవు. చారు దించిన తరువాతనే కదా మన ఇళ్ళల్లో కొత్తిమీర వేసేది! అయితే కట్టిన తరువాత మార్చబోతే, ఒక్కొక్కప్పుడు ఇల్లే కూలుతుంది. ఇక్కడ అక్కరకు వచ్చేది వత్తిడి.

2023లో స్కాట్లండులోని గ్లాస్గో శాస్త్రజ్ఞులు, వారి సహచరులు స్కాండియం అనే లోహంతో కట్టిన ఒక చట్రాన్ని మెథనాలులో ముంచి నొక్కారు. వత్తిడికి మెథనాలు గదుల్లోకి చొరబడి, లోహపు ముడుల దగ్గరున్న హైడ్రాక్సైడును తోసివేసి, దాని స్థానంలో మెథాక్సైడును కూర్చోబెట్టింది. గాలి మన మీద మోపే వత్తిడికి సుమారు 49,000 రెట్లు వేసేసరికి, వజ్రాల మధ్య ఉన్న స్ఫటికంలో ఆ మార్పు పూర్తయింది. స్ఫటికం పగలలేదు. కూలిపోకుండా లోపలి సామాను మాత్రం మారిన ఇల్లు అన్నమాట.

దీనివల్ల మనకేమిటని అడగవచ్చు. పరిటాల దారిలోనే ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషను పొగగొట్టాలున్నాయి. అటువంటి పొగ నుంచి బొగ్గుపులుసు వాయువును వేరుచేసి పట్టడానికి ఇలాంటి చట్రాలు పనికివస్తాయని ఆశ. కెనడాలో ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పరీక్షించారు కూడా. చిక్కు ఏమంటే పొగలో నీటి ఆవిరీ ఉంటుంది; చాలా చట్రాల్లో నీరే ముందు వచ్చి గదులు ఆక్రమిస్తుంది. హైడ్రాక్సైడుకు నీరంటే మక్కువ. గోడల మీద ఏది ఉండాలో మన చేతిలో ఉంటే, లోపలికి ఎవరిని రానివ్వాలో కూడా కొంతవరకు మన చేతిలో ఉంటుంది. గ్లాస్గో చట్రం ఈ పనికి సిద్ధమని నేననడం లేదు. దారి ఒకటి తెరుచుకొన్నదంటున్నాను.

వజ్రాల మధ్య పట్టేది కంటికి ఆననంత రవ్వ. పొగగొట్టానికి కావలసింది టన్నులు. ఆ శాస్త్రజ్ఞులే పెద్ద యంత్రంలో ఎక్కువ సరుకును 8,000 రెట్ల వత్తిడికి గురిచేస్తే, మార్పు పూర్తి కాలేదు గాని, సుమారు పదింతలు పెరిగింది. ఎనిమిది వేలంటే హడలిపోనక్కర లేదు. పండ్లరసం సీసాలు చెడకుండా ఉంచడానికి కర్మాగారాల్లో ఇప్పటికే 6,000 రెట్ల దాకా వత్తిడి వాడుతున్నారు. ఇక పేచీ అంతా ఖరీదు దగ్గరే.