ఆకాశంలో తూకం

కూరలు కొనేటప్పుడు కాటా మీద మనకో కన్ను ఉండనే ఉంటుంది. మరి కాటాకెక్కని సరుకును తూచాలంటే? ఖగోళ శాస్త్రజ్ఞులకు వచ్చిన చిక్కు అదే.

వేల కోట్ల నక్షత్రాలు కలిస్తే ఒక గెలాక్సీ. మన పాలపుంత అలాంటిదే. అటువంటివి వందలూ, వేలూ ఆకర్షణశక్తితో ఒకచోట కట్టుబడి ఉంటే దాన్ని గెలాక్సీల గుంపు అంటారు. కోమా అనే గుంపు వెలుగు మనను చేరడానికి సుమారు 32 కోట్ల సంవత్సరాలు పడుతుంది.

1933లో ఫ్రిట్జ్ జ్విక్కీ అనే శాస్త్రజ్ఞుడు ఈ గుంపులోని గెలాక్సీల వేగాలు లెక్కచూశారు. సెకనుకు వెయ్యి కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉన్నాయి. అంత జోరుగా తిరిగేవి చెదిరిపోకుండా ఉండాలంటే కంటికి కనిపించే బరువు చాలదు. కనపడని బరువేదో ఉండాలి. దానికే కృష్ణ పదార్థమని పేరు.

రెండో తూకం వేడి. గెలాక్సీల నడుమ కోట్ల డిగ్రీల వేడిగల వాయువు ఉంది. అది ఎక్స్‌రే కిరణాలు వెలువరిస్తుంది. గుంపు బరువు ఎంత ఎక్కువైతే వాయువు అంత వేడి. థర్మామీటరు చూసి బరువు చెప్పడమన్నమాట!

ఇదంతా ఎందుకంటారా? విశ్వంలో పదార్థం దండిగా ఉంటే గుంపులు ఇటీవలి దాకా పెరుగుతూనే ఉంటాయి. అప్పుడు బహుదూరాన, అంటే పూర్వకాలంలో, భారీ గుంపులు అరుదుగా ఉండాలి. పదార్థం తక్కువైతే అవి ముందుగానే కూడుకుని ఉంటాయి. 1990లలో దూరాన భారీ గుంపులు కనిపించేసరికి, పదార్థం తక్కువేనన్న వాదం బలపడింది.

అయితే 2013లో ప్లాంక్ ఉపగ్రహం లెక్కలో ఒక పేచీ వచ్చింది. విశ్వం తొలినాటి వెలుగును బట్టి ఉండవలసినన్ని భారీ గుంపులు కనిపించలేదు. లోపం విశ్వం లెక్కలోనా, కాటాలోనా? వాయువు ఇంకా కుదురుకోకపోతే గుంపు ఉన్నదానికంటే తేలికగా తోస్తుంది మరి.

అందుకని మూడో తూకం ఆసరా అయింది. గుంపు బరువుకు దాని వెనకనున్న గెలాక్సీల వెలుగు వంగుతుంది. ఆ వంపును కొలిస్తే, కనపడనిదానితో సహా మొత్తం బరువు తెలుస్తుంది. వాయువు కుదురుగా ఉన్నదీ లేనిదీ దీనికి అక్కరలేదు. 2024లో ఈరోసిటా ఎక్స్‌రే దూరదర్శినితో కనిపెట్టిన 5,259 గుంపుల లెక్కను ఈ వంపుతో సరిచూశారు. ఈసారి అది తొలినాటి వెలుగు చెప్పిన లెక్కతో పొసిగింది.

చూశారా! తూకం రాయి కాస్త తేడాగా ఉంటే విశ్వమే తేడాగా కనిపిస్తుంది.