చెప్పుకోలేని బాధ మలబద్ధకం
ఆముదం కన్నా నీళ్లు, ఆకుకూరలే మేలు

అల్లూరు (మా గ్రామీణ విలేఖరి): తలనొప్పి వస్తే పదిమందికి చెబుతాం. జ్వరం వస్తే ఆస్పత్రికి పరిగెడతాం. నాలుగు రోజులుగా విరేచనం కాలేదని మాత్రం ఇంట్లోవాళ్లకు చెప్పడానికి కూడా నామోషీ పడతాం. మైపాడు, ఇస్కపల్లి, జువ్వలదిన్నె వంటి మన తీర గ్రామాల్లోనూ ఇదే తీరు. అంగట్లో ఒక మాత్ర కొని మింగి ఊరుకునేవారే ఎక్కువ.

రోజూ ఒకసారి విరేచనం కాకపోతే జబ్బేనని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. రోజుకు 3 సార్లు అయ్యేవారున్నారు, వారానికి 3 సార్లు అయ్యేవారూ ఉన్నారు. మెత్తగా, ముక్కే పని లేకుండా అయితే రెండూ ఆరోగ్యమే. వారానికి 3 సార్ల కన్నా తక్కువగా, గట్టి ఉండలుగా, ముక్కితే తప్ప రాకపోతే దానిని మలబద్ధకం అంటారు.

పెద్దపేగు చేసే పనుల్లో ఒకటి మలంలోని నీటిని పీల్చుకోవడం. మలం అక్కడ ఎంత ఎక్కువసేపు ఆగితే అంత నీరు ఇంకిపోతుంది. నీరు తీసిన చెరువులో బంకమన్ను గడ్డకట్టినట్టు అది గట్టిపడుతుంది. గట్టిపడితే నొప్పి, నొప్పికి భయపడి మళ్లీ ఆపుకోవడం, ఆపుకుంటే ఇంకా గట్టిపడడం జరుగుతాయి. మొలలు, చీలికలు చాలామందికి ఇలాగే మొదలవుతాయి.

మన తీరంలో దీనికి ముఖ్య కారణాలు మూడు. మొదటిది నీరు. చాలా పాలేల్లో బోరు నీళ్లు ఉప్పన. తాగే నీళ్లు క్యాన్లలో కొనుక్కోవాలి గనుక చూసి చూసి తాగుతారు. ఉప్పు మళ్లలో, పడవల మీద ఎండలో పనిచేసేవారికి తాగినదంతా చెమటగానే పోతుంది.

రెండవది కంచం. తెల్లన్నం, చేపల పులుసు మనకు ప్రాణం. కాని చేపలో పీచు అసలు లేదు, పాలిష్ పట్టిన బియ్యంలో బహు తక్కువ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల మర బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే. అదే సజ్జల్లో, రాగుల్లో సుమారు 11 గ్రాములు, జొన్నల్లో 10 గ్రాములు ఉంటుంది. మన తాతల నాటి సంగటిని బీదల తిండి అని వదిలేసి మనమే నష్టపోయాం. ఆఫ్రికాలోని ఉగాండాలో పనిచేసిన బర్కిట్ అనే డాక్టరు, మరికొందరు కలిసి 1972లో లాన్సెట్ వైద్య పత్రికలో ఈ సంగతే రాశారు. పీచున్న ముతక తిండి తినే అక్కడి పల్లె ప్రజలకు విరేచనం సాఫీగా అవుతున్నదనీ, మెత్తని తిండి తినే ఇంగ్లండు వారికి ఆలస్యమవుతున్నదనీ చూపించారు.

మూడవది ఆపుకోవడం. ఈ కష్టం ఎక్కువగా ఆడవారిదే. 2014 అక్టోబరు 2న స్వచ్ఛభారత్ మొదలయ్యాక పల్లెల్లో మరుగుదొడ్లు లేచాయి. కాని నీటి వసతి లేని చోట, తలుపు ఊడిపోయిన చోట మళ్లీ సరుగుడు తోటలే గతి. పగలు వెళ్లలేక, చీకటి పడేదాకా ఆపుకోవడానికి నీళ్లే మానుకునే స్త్రీలున్నారు. ఆ బాధ కడుపులో గడ్డకడుతుంది.

గర్భిణులు మరొక సంగతి గమనించాలి. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు ఇచ్చే ఐరన్ మాత్రల వల్ల కొందరికి మలబద్ధకం వస్తుంది, మలం నల్లబడుతుంది. దానికి భయపడి మాత్రలు పారవేస్తే రక్తహీనత వచ్చి కాన్పులో ప్రాణం మీదకు రావచ్చు. మాత్ర మానకుండా ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎంకో చెబితే ఉపాయం చెబుతారు.

ఇక ఆముదం సంగతి. అది పేగును రేపి ఉన్నదంతా ఒక్కసారి ఊడ్చేస్తుంది. ఆ తర్వాత రెండు మూడు రోజులు విరేచనం కాకపోవడం సహజం. అది తెలియక మళ్లీ పట్టించేవారున్నారు. గర్భిణులకు ఆముదం అసలు కూడదు, నొప్పులు మొదలయ్యే ప్రమాదముంది. బొడ్డు దగ్గర గాని, కుడివైపు పొత్తికడుపులో గాని నొప్పి, జ్వరం ఉన్నప్పుడు ఎవరికీ విరేచనాల మందు ఇవ్వరాదు. అది అపెండిసైటిస్ కావచ్చు.

చేయవలసినవి తేలికే. నీళ్లు దాహమయ్యేదాకా ఆగకుండా తాగాలి. మూత్రం ముదురు పసుపుగా ఉంటే నీళ్లు చాలడం లేదని గుర్తు. వారంలో కొన్ని పూటలు రాగి సంగటి గాని, సజ్జ రొట్టె గాని తినాలి. రోజూ తోటకూరో, మునగాకో ఉండాలి. జామకాయ, చిలగడదుంప, సంక్రాంతి రోజుల్లో తేగలు మంచివి. పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది, కొద్దికొద్దిగా పెంచాలి. ఉదయం తిన్న అరగంట లోపల పేగు తనంతట తాను కదులుతుంది. ఆ వేళకే వెళ్లడం అలవాటు చేసుకోవాలి. కుర్చీ దొడ్డి వాడే పెద్దవారు కాళ్ల కింద చిన్న పీట వేసుకోవాలి. ఇసబ్‌గోల్ పొట్టు వాడితే నిండు గ్లాసు నీళ్లతో తీసుకోవాలి, నీళ్లు తక్కువైతే అదే అడ్డుపడుతుంది.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, 50 ఏళ్లు దాటాక కొత్తగా అలవాటు మారడం కనిపిస్తే డాక్టరుకు చూపించాలి. కడుపు ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోకపోతే తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

ఇంట్లో ఆడపిల్ల నీళ్లు తక్కువ తాగుతోందంటే ఎందుకని అడగండి. మరుగుదొడ్డికి తలుపు బిగించి, తొట్టి నిండా నీళ్లుంచడం ఆ ఇంటి మగవారి పని. ఏ మాత్రా చేయలేని మేలు అది చేస్తుంది.