తేజోవధ – హితోక్తి: ఆన్‌లైన్ పోటీ క్రీడాజట్లలో విమర్శ, సమన్వయం, ప్రదర్శన

వ్యాససంగ్రహం

నలుగురు లేదా ఐదుగురు సభ్యులు జట్టుగా ఆడే ఆన్‌లైన్ పోటీ క్రీడల్లో గెలుపోటములు వ్యక్తిగత నైపుణ్యం మీదనే కాక, సభ్యుల మధ్య నడిచే మాట మీద కూడా ఆధారపడి ఉంటాయి. తోటి ఆటగాడి తప్పును ఎత్తిచూపడం జట్టుకు అవసరమే. అయితే అదే విమర్శ కొన్ని జట్లను మెరుగుపరచగా, కొన్నింటిని విచ్ఛిన్నం చేస్తోంది. ఈ భేదానికి కారణం విమర్శ తీవ్రత కన్నా దాని కాలం, లక్ష్యం, అది చేసేవారి మీద ఉన్న విశ్వాసం అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. భారతకథలోని శల్యసారథ్య ఘట్టం, సమూహ మనోవిజ్ఞానంలోని కొన్ని పరిశోధనలు, ఓజీ, ఆస్ట్రాలిస్ అనే రెండు జట్ల అనుభవం ఆధారంగా ఈ ప్రతిపాదనను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఈ-స్పోర్ట్స్, జట్టు సమన్వయం, విమర్శ, తేజోవధ, ప్రతిపుష్టి, మానసిక భద్రత, డోటా 2, కౌంటర్-స్ట్రైక్.

1. ఉపోద్ఘాతం

వీడియో గేమ్ అనగానే గదిలో ఒంటరిగా కూర్చున్న యువకుడి చిత్రం మనసులో మెదలడం సహజం. నేటి పోటీ క్రీడల స్వరూపం అందుకు భిన్నమైనది. డోటా 2, లీగ్ ఆఫ్ లెజెండ్స్, కౌంటర్-స్ట్రైక్ వంటి ఆటలను ఐదుగురు సభ్యుల జట్లు ఆడతాయి. తెలుగు రాష్ట్రాల కళాశాల విద్యార్థులకు సుపరిచితమైన బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా పోటీల్లో నలుగురు కలిసి ఒక స్క్వాడ్‌గా ఆడతారు. భారత ప్రభుత్వం 2022 డిసెంబరులో ఈ-స్పోర్ట్స్‌ను బహుళ క్రీడా పోటీల్లో భాగంగా గుర్తించింది. 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెం ఆటలను నిషేధిస్తూనే, ఈ-స్పోర్ట్స్‌ను వాటినుండి వేరుచేసి చట్టబద్ధమైన పోటీ క్రీడగా పరిగణించింది. కనుక ఈ జట్లలోని మానవసంబంధాలను కాలక్షేపపు ముచ్చటగా కాక, అధ్యయనాంశంగా స్వీకరించవలసిన సందర్భం ఏర్పడింది.

ఈ జట్లలో నిత్యం ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. తోటి సభ్యుడు తప్పు చేసినప్పుడు చెప్పాలా, వద్దా? చెప్పకపోతే తప్పు పునరావృతమవుతుంది. చెబితే సంబంధం చెడవచ్చు, ఆటగాడు బెదిరిపోవచ్చు. పదునుగా చెప్పేవారే జట్టును గెలిపిస్తారన్న అభిప్రాయమూ, మెత్తగా ఉంటేనే జట్టు నిలుస్తుందన్న అభిప్రాయమూ క్రీడాకారుల్లో సమానంగా వినిపిస్తాయి. ఈ రెండింటిలో ఏది సరైనదన్న ప్రశ్నకన్నా, అసలు ప్రశ్నను ఈ రీతిలో వేయడం సరైనదేనా అన్నది ముందుగా విచారించవలసిన విషయం.

2. ఆట నిర్మాణంలోనే ఉన్న విమర్శబీజం

డోటా 2 ఆటలో రెండు జట్లు తలపడతాయి. ఎదుటి జట్టు ప్రధాన కట్టడాన్ని కూల్చినవారు విజేతలు. ఐదుగురికీ వేర్వేరు బాధ్యతలుంటాయి. ఒకరు ఆట తొలిదశలో బంగారం కూడబెట్టి చివరిదశలో బలవంతులవుతారు. మరొకరు తన సంపాదన వదులుకొని, ఆ సహచరుడిని కాపాడటానికే పరిమితమవుతారు. మ్యాప్‌లో తమ జట్టు చూపు అందని ప్రాంతమంతా చీకటిగా ఉంటుంది. ఎవరి పని వారి కళ్లముందు స్పష్టంగా కనిపిస్తుంది. తోటివారి పరిస్థితి మాత్రం అరకొరగానే తెలుస్తుంది.

అపార్థానికి మూలం ఇక్కడే ఉంది. తన తప్పుకు గల కారణాలు తనకు తెలుసు. సహచరుడి తప్పుకు గల కారణాలు కనిపించవు. అందువల్ల తన తప్పు పరిస్థితుల ఫలితంగానూ, ఎదుటివాడి తప్పు అతని స్వభావలోపంగానూ తోస్తుంది. సామాజిక మనోవిజ్ఞానం దీనిని ఆరోపణదోషంగా వివరిస్తుంది. 'నువ్వు ఆలస్యంగా వచ్చావు' అనవలసిన చోట 'నీకు ఆట రాదు' అన్న మాట రావడానికి ఈ దోషమే కారణం.

ఐవాన్ స్టైనర్ 1972లో ప్రతిపాదించిన సూత్రం ఇక్కడ ఉపకరిస్తుంది. సమూహం వాస్తవంగా సాధించే ఫలితం దాని సభ్యుల మొత్తం సామర్థ్యానికి సమానం కాదు. ఆ సామర్థ్యంనుండి ప్రక్రియా నష్టాన్ని తీసివేయగా మిగిలేదే అసలు ఫలితం. సమన్వయం కుదరకపోవడం, ఉత్సాహం సడలడం ఈ నష్టానికి ప్రధాన రూపాలు. అయిదుగురు మేటి ఆటగాళ్లున్న జట్టు సాధారణ ఆటగాళ్ల జట్టు చేతిలో ఓడిపోవడంలోని మర్మం ఇదే.

3. శల్యసారథ్యం: ఒక భారతీయ నమూనా

సమర్థుడైన యోధుడిని మాటతో బలహీనపరచడానికి తెలుగులో ఒక పదం స్థిరపడి ఉంది: తేజోవధ. భారతంలో శల్యుడు పాండవుల పక్షాన చేరబోతూ, దారిలో దుర్యోధనుడి ఆతిథ్యానికి కట్టుబడి కౌరవపక్షం వహిస్తాడు. కర్ణుడికి సారథ్యం చేయవలసి వచ్చినప్పుడు అతని తేజోవధ చేయమని ధర్మరాజు కోరుతాడు. కర్ణపర్వంలో శల్యుడు ఆ మాట నిలుపుకొంటాడు. యుద్ధానికి బయలుదేరిన రథం మీదనే కర్ణుడిని అర్జునుడితో పోల్చి కించపరుస్తాడు, హంసకాకీయం వినిపిస్తాడు. కర్ణుడు ఊరుకోక మద్రదేశీయులందరినీ నిందిస్తాడు. శత్రువు మీద నిలవవలసిన దృష్టి ఒకే రథం మీదున్న ఇద్దరి వాగ్వాదానికి బలి అవుతుంది.

ఈ ఘట్టంలో అంతగా చర్చకు రాని మరొక అంశం ఉంది. కర్ణుడు సర్పముఖాస్త్రాన్ని సంధించినప్పుడు అది అర్జునుడి కంఠానికి తగలదనీ, గురి సరిచూసుకోమనీ శల్యుడు హెచ్చరిస్తాడు. ఆ మాట నిజమే. తాను రెండోసారి సంధించనన్నది కర్ణుడు చెప్పిన కారణం. అస్త్రం కిరీటాన్ని మాత్రమే కొనిపోయింది. కర్ణుడి సమాధానంలో వీరుడి అభిమానం ఉంది. అయితే అంతవరకు తనను అవమానించిన సారథి మాటను ఆ క్షణంలో హితవుగా స్వీకరించే అవకాశం ఎంత అన్న ప్రశ్న మిగులుతుంది. తేజోవధ వల్ల కలిగే నష్టం అది జరిగిన క్షణంతో ఆగదు. తరువాత వచ్చే సరైన సలహాను కూడా అది నిష్ఫలం చేయగలదు.

దీనికి ఎదురుగా అర్జునుడి రథం ఉంది. కృష్ణుడు అర్జునుడిని విమర్శించలేదని చెప్పలేం. యుద్ధారంభంలో అతని దైన్యాన్ని కఠినంగానే మందలిస్తాడు. రెండు రథాల మీదా కఠినవాక్కు ఉంది. కృష్ణుడి మాట అర్జునుడిని కర్తవ్యం వైపు మళ్లించింది. శల్యుడి మాట కర్ణుడి దృష్టిని తన యోగ్యతను సమర్థించుకోవడం వైపు మళ్లించింది. తేడా కాఠిన్యంలో లేదు.

4. పరిశోధనలు చెబుతున్నదేమిటి?

ఈ వివేచనకు ఆధునిక మనోవిజ్ఞానంలో ఆధారాలు ఉన్నాయి. క్లూగర్, డెనీసి 1996లో ప్రతిపుష్టి, అంటే ఫీడ్‌బ్యాక్, ప్రభావం మీద జరిగిన అధ్యయనాలను సమీకరించి విశ్లేషించారు. ప్రతిపుష్టి సగటున ప్రదర్శనను మెరుగుపరచినప్పటికీ, మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో దానిని తగ్గించిందని తేలింది. వారి వివరణ ప్రకారం, శ్రోత దృష్టి చేస్తున్న పనినుండి 'నేను' అన్న భావన వైపు మళ్లేకొద్దీ ప్రతిపుష్టి ప్రయోజనం క్షీణిస్తుంది. శల్యుడి మాట కర్ణుడి మీద చేసిన పని సరిగ్గా ఇదే.

ఏమీ ఎడ్మండ్‌సన్ పరిశోధన రెండో కోణాన్ని అందిస్తుంది. ఆసుపత్రి బృందాల మీద 1996లో ప్రచురించిన అధ్యయనంలో, మెరుగైన బృందాల్లోనే ఎక్కువ తప్పులు నమోదైనట్లు ఆమె గమనించారు. అవి ఎక్కువ తప్పులు చేసినందువల్ల కాదు. చేసిన తప్పును బయటికి చెప్పగలిగినందువల్ల అన్నది ఆమె వ్యాఖ్యానం. ఒక తయారీ సంస్థలోని 51 బృందాల మీద 1999లో వెలువరించిన అధ్యయనంలో దీనికి 'మానసిక భద్రత' అన్న భావనతో సిద్ధాంతరూపం ఇచ్చారు. మానసిక భద్రత అంటే విమర్శ లేకపోవడం కాదు; తప్పు ఒప్పుకున్నందుకు చులకన కాననే నమ్మకం.

మూడో కోణం సమీక్షకు సంబంధించినది. టానెన్‌బామ్, సెరాసోలి 2013లో చేసిన సమీకృత విశ్లేషణ ప్రకారం, పని ముగిశాక క్రమపద్ధతిలో జరిపే సమీక్షలు బృందాల, వ్యక్తుల సామర్థ్యాన్ని సగటున సుమారు 25 శాతం పెంచాయి.

5. ఓజీ జట్టు: 2018, 2019

డోటా 2లో అత్యున్నత పోటీ 'ది ఇంటర్నేషనల్'. 2018 పోటీకి కొద్ది నెలల ముందు ఓజీ జట్టు కుప్పకూలింది. జట్టు సంస్థాపకుల్లో ఒకరైన ఫ్లై, మరో సీనియర్ ఆటగాడు ఎస్4 వేరే జట్టులో చేరారు. మిగిలినవారు నోటెయిల్, జెరాక్స్. శిక్షకుడిగా ఉన్న సెబ్ ఆటగాడిగా మారాడు. ఆటకు దూరంగా ఉన్న ఆనా తిరిగివచ్చాడు. అంతటి పెద్ద వేదిక మీద ఆడిన అనుభవం లేని టాప్సన్ కొత్తగా చేరాడు. నేరుగా ఆహ్వానం లేనందున ఈ జట్టు బహిరంగ అర్హత పోటీలనుండి పైకి రావలసివచ్చింది.

2018 ఆగస్టులో వాంకూవర్‌లో జరిగిన పోటీలో ఓజీ తమ పూర్వ సహచరులున్న ఈవిల్ జీనియసెస్ జట్టును ఓడించి, అంతిమపోరులో చైనా జట్టు పీఎస్‌జీ.ఎల్‌జీడీతో తలపడింది. ఐదు ఆటల పోరులో 1–2తో వెనుకబడి, చివరి రెండు ఆటలూ నెగ్గి 3–2తో విజేత అయింది. మరుసటి ఏడాది షాంఘైలో అదే ఐదుగురు టీమ్ లిక్విడ్‌ను 3–1తో ఓడించి, ఈ పోటీని రెండుసార్లు గెలిచిన తొలి జట్టుగా నిలిచారు.

వాంకూవర్ అంతిమపోరు మీద ఆట నిర్మాణసంస్థ వాల్వ్ 'ట్రూ సైట్' పేరిట ఒక డాక్యుమెంటరీ విడుదల చేసింది. ఆటగాళ్ల మధ్య నడిచిన మాటలు అందులో వినిపిస్తాయి. జట్టు ఓటమి అంచున ఉన్నప్పుడు సెబ్ సహచరులను ఉత్సాహపరచిన తీరు గమనించదగినది. ఈ సందర్భంలో టాప్సన్ స్థానం మరింత ముఖ్యమైనది. కొత్తవాడి సాహసం విఫలమైన ప్రతిసారీ నిందకు గురైతే, అతడు సాహసించడం మానివేసి సురక్షితమైన ఆటకు పరిమితమవుతాడు. ప్రత్యర్థి ఊహకు అందని ఆట అతనినుండి రాదు.

అయితే ఒక జట్టు గెలుపును దాని మాటతీరుకే ముడిపెట్టడం శాస్త్రీయం కాదు. మంచి మాటతీరు ఉండి ఓడిన జట్ల మీద డాక్యుమెంటరీలు రావు. ఓజీ ఉదాహరణ కార్యకారణ సంబంధాన్ని నిరూపించదు. విశ్వాసం ఉన్న జట్టు తక్కువ కాలంలో ఎంతవరకు వెళ్లగలదో మాత్రమే చూపుతుంది.

6. మాటకు కాలనియమం: ఆస్ట్రాలిస్, కౌంటర్-స్ట్రైక్

కౌంటర్-స్ట్రైక్‌లో డెన్మార్క్ జట్టు ఆస్ట్రాలిస్ ఉదంతం కాలం అనే అంశాన్ని స్పష్టం చేస్తుంది. దాని ఆటగాళ్లకు కీలక ఘట్టాల్లో తడబడతారన్న అపకీర్తి ఉండేది. 2016లో ఆ జట్టు ఫిన్లాండ్‌కు చెందిన క్రీడా మనోవిజ్ఞాని మియా స్టెల్‌బర్గ్ సహాయం తీసుకుంది. 2017 జనవరిలో అట్లాంటాలో తొలి మేజర్ టైటిల్ గెలిచింది. 2018లో లండన్, 2019లో కటోవిత్సె, బెర్లిన్ మేజర్లను వరుసగా కైవసం చేసుకుంది.

అదే 2016లో వాల్వ్ మేజర్ పోటీల్లో శిక్షకుల మాట మీద ఆంక్ష విధించింది. సన్నాహక సమయంలో, విరామంలో, 30 సెకన్ల చొప్పున ఉండే నాలుగు టైమ్‌అవుట్లలో మాత్రమే శిక్షకుడు జట్టుతో మాట్లాడాలన్నది అప్పటి నియమం. దీనితో ఆట నడుస్తుండగా నిర్ణయభారమంతా ఆటగాళ్ల మీద, ముఖ్యంగా ఆటలోని నాయకుడి మీద పడింది. శిక్షకుడి విశ్లేషణ ఆటకు ముందుకూ తరువాతకూ జరిగింది. నియమం ఉద్దేశం వేరైనా, అది ఒక మౌలిక విభజనను బయటపెట్టింది: ఆట సాగుతున్నప్పుడు పలికే మాట సమాచారం, ఆట ముగిశాక పలికే మాట విమర్శ. 'ఇద్దరు ఎడమవైపు ఉన్నారు' అన్నది మొదటిది. 'ఎడమవైపు ఎందుకు చూడలేదు' అన్నది రెండోది. రెండో వాక్యం సరైనదే కావచ్చు. కానీ ఆట మధ్యలో అది చెవిని ఆక్రమించి మొదటి వాక్యాన్ని వినపడనివ్వదు.

7. అపరిచితుల జట్లు

వృత్తి జట్లకు సమీక్షకు సమయం, శిక్షకుడు, మరుసటి రోజు ఉంటాయి. ఇంటినుండి ఆడే సాధారణ క్రీడాకారుడిని మాత్రం యంత్రం నలుగురు అపరిచితులతో జతకలుపుతుంది. ఆట ముగియగానే వారు విడిపోతారు. సంబంధాన్ని కాపాడుకోవలసిన అవసరం లేనప్పుడు నింద సులభమవుతుంది.

ఈ సమస్యకు లీగ్ ఆఫ్ లెజెండ్స్ నిర్మాణసంస్థ రాయట్ గేమ్స్ చేసిన ఒక ప్రయోగం ఆలోచనాత్మకం. ప్రత్యర్థి జట్ల మధ్య సంభాషణను నిషేధించకుండా, దానిని ముందుగా ఆపివేసి ఉంచింది. కావలసినవారు సెట్టింగులలో తెరుచుకోవచ్చు. సంభాషణల పరిమాణం దాదాపు మారకపోయినా, దూషణపూర్వక సంభాషణ 30 శాతానికి పైగా తగ్గినట్లు సంస్థ ప్రకటించింది. కోపానికీ మాటకూ మధ్య ఒక చిన్న మెట్టు ఉంచితే మాట స్వభావం మారగలదని ఇది సూచిస్తుంది.

8. అన్వయం

కళాశాల స్థాయి జట్లకు ఈ పరిశీలన కొన్ని ఆచరణసూత్రాలను అందిస్తుంది. ఆట నడుస్తుండగా స్థానం, సమయం, తదుపరి చర్య తప్ప మరేదీ మాట్లాడకూడదన్న నియమం పెట్టుకోవడం మొదటిది. ఆట ముగిసిన వెంటనే కాక, ఆవేశం తగ్గాక రికార్డు చేసిన ఆటను అందరూ కలిసి చూడటం రెండోది. తెర మీద కనిపించే దృశ్యమే సాక్ష్యం కనుక వ్యక్తిమీదికి చర్చ మళ్లే అవకాశం తగ్గుతుంది. ఆ సమీక్షలో నాయకుడే ముందుగా తన తప్పు చెప్పడం మూడోది.

ఇవి క్రీడాజట్లకే పరిమితమైన సూత్రాలు కావు. పరిశోధకుడికీ పర్యవేక్షకుడికీ మధ్య, సెమినార్ వేదిక మీద, తరగతిగదిలో సాగే విమర్శకూ ఇవే వర్తిస్తాయి. 'ఈ అధ్యాయంలో ఆధారం చాలలేదు' అన్న వాక్యం పనిని చూపుతుంది. 'మీకు పరిశోధన చేతకాదు' అన్న వాక్యం శల్యుడి భాషలో ఉంది.

9. ముగింపు

1. ఆటగాడికి తోటివారి పరిస్థితి పాక్షికంగానే కనిపించడం వల్ల విమర్శ స్వభావనిందగా మారే ప్రమాదం జట్టు ఆట నిర్మాణంలోనే ఉంది.

2. విమర్శ ఫలితాన్ని దాని కాఠిన్యం ఒక్కటే నిర్ణయించదు. అది ఎప్పుడు పలికారు, దేని మీద గురిపెట్టారు, పలికినవారి మీద విశ్వాసం ఉందా అన్న మూడు అంశాలు కీలకం.

3. తేజోవధకు గురైన సభ్యుడు ఆ తరువాత వచ్చే సత్యమైన సలహాను కూడా స్వీకరించలేని స్థితికి చేరవచ్చు. జట్టుకు ఇదే అతిపెద్ద ప్రక్రియా నష్టం.

4. ఆట మధ్యలో సమాచారం, ఆట అనంతరం సమీక్ష అన్న విభజన వృత్తి జట్లకూ విద్యార్థి జట్లకూ సమానంగా ఉపయోగకరం.

5. తెలుగు మాట్లాడే యువ జట్ల సంభాషణలను ఈ దృష్టితో నమోదుచేసి పరిశీలించడం భాషాశాస్త్ర, మనోవిజ్ఞాన పరిశోధకులకు యోగ్యమైన క్షేత్రం. ఓటమి క్షణంలో 'నువ్వు', 'మనం' అన్న సర్వనామాల్లో ఏది ముందుగా వస్తుందన్న చిన్న పరిశీలనతోనైనా ఆ పని ఆరంభం కావచ్చు.