గోడ జరిపింది ఎవరి మాట మీద?

శంషాబాద్ దాటి బెంగళూరు హైవే మీద తొండుపల్లి వైపు వెళ్తుంటే స్లాబు దశలో ఆగిన ఇల్లో, సెంట్రింగ్ కర్రల మీద నిలబడ్డ ఇల్లో ఒకటైనా కనబడుతుంది. ఇలాంటి ఇళ్ల ఓనరు చాలాసార్లు నగరంలోనో డల్లాస్‌లోనో ఉంటాడు. సైట్ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది ఆయన నాన్నగారు. ఆర్కిటెక్టు ఫోన్లో దొరుకుతాడు, కాంట్రాక్టరు బండి మీద వచ్చి పోతుంటాడు. పొద్దుగూకులూ అక్కడే ఉండి అందరి మాటా వినేది మేస్త్రీ ఒక్కడే. ఇల్లు పూర్తయి ఖర్చు తడిసి మోపెడైతే అందరూ సిమెంటు, స్టీలు రేట్లను తిడతారు. రేట్లు పెరిగిన మాట నిజమే. అయితే లెక్క తెగక పెద్దమనుషుల దగ్గరికి వెళ్లిన చోట రేట్ల కన్నా ముందు వచ్చే ప్రశ్న ఒకటుంది: ఆ పని ఎవరు చెప్తే చేశావు? దానికి జవాబు దొరక్కపోవడానికి కొన్ని అపోహలు కారణం.

అపోహ: ఇల్లు నాది, మేస్త్రీకి నేను కాక ఇంకెవరు చెప్తారు?

వాస్తవం: ఇల్లు ఓనరుదే, మేస్త్రీ మాత్రం కాంట్రాక్టరు మనిషి. పని మొత్తాన్ని ఒకరికి గుత్తకు ఇచ్చాక ఓనరు మాట కాంట్రాక్టరు ద్వారానే మేస్త్రీకి చేరాలి. ఏం కట్టాలో ఓనరు కోరుకుంటాడు, ఆర్కిటెక్టు, స్ట్రక్చరల్ ఇంజనీరు దాన్ని డ్రాయింగ్‌లో పెడతారు. ఎలా కట్టాలి, ఎంతమందిని పెట్టాలి, ముందు ఏ మూల మొదలుపెట్టాలి అనేవి కాంట్రాక్టరు చూసుకుంటాడు.

తొండుపల్లిలో 200 గజాల ప్లాట్ అనుకుందాం. మొదటి అంతస్తులో గోడలు లేస్తున్నాయి. నాన్నగారు వచ్చి, "కిచెన్ ఇరుకయితుంది మేస్త్రీ, ఈ గోడ రెండడుగులు అటు జరుపు" అంటారు. "అట్లనే సార్" అంటాడు మేస్త్రీ. అరపూటలో పని అయిపోతుంది. పాత చోట గోడ కింద బీము ఉంది, కొత్త చోట ఉత్త స్లాబే. పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తున్న తొమ్మిది అంగుళాల ఎర్ర ఇటుక గోడ దాదాపు 4 టన్నులు తూగుతుంది. ఆ బరువు స్లాబు మధ్యలో పడబోతోందన్న సంగతి స్ట్రక్చరల్ ఇంజనీరుకు తెలియనే తెలియదు. ఏడాది తర్వాత కింది గది సీలింగ్‌లో బీట కనిపిస్తే ఓనరు "నాసిరకం పని" అంటాడు, కాంట్రాక్టరు "మీ నాన్నగారే చెప్పిండ్రు" అంటాడు. ఇద్దరిదీ అబద్ధం కాదు, అందుకే ఈ తగువు తెగదు.

దీనికి మందు చవకైనదే. ఓనరు తరఫున చెప్పే అధికారం ఎవరికో అగ్రిమెంట్‌లో ఒక్క పేరు రాసుకోవాలి. నాన్నగారైతే నాన్నగారే, అభ్యంతరం లేదు. ఆయన చెప్పిన మార్పు మాత్రం ఆర్కిటెక్టు చూసి, ఖర్చు ఎంత, ఎన్ని రోజులు ఎక్కువ పడుతుందో కాగితం మీదికి వచ్చాకే మేస్త్రీ దాకా వెళ్లాలి. కార్బన్ పెట్టి రాసే మూడు ప్రతుల పుస్తకం ఒకటి సైట్‌లో ఉంటే చాలు.

అపోహ: రాసుకోలేదు కాబట్టి అదనపు పనికి డబ్బు ఇవ్వక్కర్లేదు.

వాస్తవం: ఇది ఓనర్లు ఇష్టంగా నమ్మే అపోహ. నోటిమాట ఒప్పందాన్నీ మన చట్టం గుర్తిస్తుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ ప్రకారం, ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు న్యాయంగా చేసిన పని ఫలితాన్ని మరొకరు అనుభవిస్తే, దానికి పరిహారం ఇవ్వాలి. పోర్టికో కట్టించుకుని, దాని కింద కారు పెట్టుకుంటూ "అగ్రిమెంట్‌లో లేదుగా" అంటే కోర్టు వినకపోవచ్చు. అమెరికా నుంచి వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్ కూడా సాక్ష్యంగా పనికొస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం దానికి సర్టిఫికెట్ జత చేయాలి, అంతే. కాగితం లేకపోతే పోట్లాట డబ్బు ఇవ్వాలా వద్దా అన్నదాని దగ్గర ఆగదు, ఎంత అన్నదాని మీదికి మళ్లుతుంది. అందులో ఓనరుకు కలిసొచ్చేదేమీ లేదు.

అపోహ: ఆర్కిటెక్టును పెట్టుకున్నాం, రోజూ ఆయనే చూసుకుంటాడు.

వాస్తవం: ఆర్కిటెక్టు ఫీజులో సాధారణంగా ఉండేది అప్పుడప్పుడు వచ్చి చూడటం. పునాది, స్లాబు స్టీలు, ఫినిషింగ్ లాంటి దశల్లో వచ్చి పని డ్రాయింగ్ ప్రకారం జరుగుతోందో లేదో చూస్తాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాపలా కావాలంటే సైట్ ఇంజనీరును విడిగా పెట్టుకోవాలి, ఆ జీతం ఓనరుదే. స్లాబు వేసే రోజు ఇనుము కింద కవర్ బ్లాకులు ఉన్నాయా, ట్రాన్సిట్ మిక్సర్ దగ్గర పనివాళ్లు కాంక్రీటులో నీళ్లు పోస్తున్నారా అని చూడాల్సింది ఆ మనిషే.

సెంట్రింగ్ విప్పే రోజు దగ్గరా ఇదే గందరగోళం. నాన్నగారు 21 రోజులంటారు, కాంట్రాక్టరు పదో రోజే విప్పుతానంటాడు, ఆర్కిటెక్టుకు ఫోన్ వెళ్తుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ఇందులో లెక్క చెప్పే ఉంచింది: 4.5 మీటర్ల లోపు స్పాన్ స్లాబుకు ఊతకర్రలు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు. బీములకు 6 మీటర్ల దాకా 14 రోజులు, ఆపైన 21. ఇవి మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకు చెప్పిన కనీస గడువులు. ఫ్లై యాష్ కలిసిన పీపీసీ వాడితే ఇంజనీరును అడిగి ఇంకా ఆగాలి. అంటే నాన్నగారి 21 రోజులు మరీ చాదస్తమేం కాదు. విప్పే పద్ధతి, ఆ సమయంలో మనుషుల భద్రత మాత్రం కాంట్రాక్టరు బాధ్యతలు.

ఇంకో మాట. ప్లాన్ గీసిన ప్రతివాడూ ఆర్కిటెక్టు కాడు. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారే ఆ పేరు పెట్టుకోవాలి. ఇతరులు డిజైన్ పని చేయడాన్ని మాత్రం ఆ చట్టం నిషేధించలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. బోర్డు మీద పేరు చూసి ఆగకుండా నమోదు నంబరు అడగడం తప్పేం కాదు.

అపోహ: ఫీజు ఇచ్చేది మనం, ఆర్కిటెక్టు మన పక్షమే మాట్లాడాలి.

వాస్తవం: డిజైన్‌లో ఆయన మన మనిషే. బిల్లు మీద సంతకం పెట్టేటప్పుడు మాత్రం ఇద్దరికీ సమానంగా ఉండాలి. జరిగిన పనికి తక్కువ రాస్తే కాంట్రాక్టరు మునుగుతాడు, ఎక్కువ రాస్తే ఓనరు. 1974లో ఇంగ్లండ్ హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పిచ్చిన సట్‌క్లిఫ్ కేసులో ఓ ఆర్కిటెక్టు లోపాలున్న పనికి కూడా బిల్లు సర్టిఫై చేశాడు. ఓనరు డబ్బు కట్టేశాడు, తర్వాత కాంట్రాక్టరు దివాలా తీశాడు. ఆ నష్టానికి ఆర్కిటెక్టే బాధ్యుడని తీర్పొచ్చింది. నిష్పక్షపాతంగా ఉండాల్సిన పని కదా అని అజాగ్రత్తకు మినహాయింపు దొరకదని న్యాయమూర్తులు చెప్పారు. మన దగ్గర ఆర్కిటెక్టు సంతకం లేకుండానే, మేస్త్రీ అడిగినప్పుడల్లా ఫోన్‌పే చేసి, చివర్లో ఆర్కిటెక్టును పిలిచి "ఇప్పటికి ఎంత పని అయ్యుంటుంది సార్" అని అడగటం రివాజు. ఆ ప్రశ్నకు న్యాయమైన జవాబు చెప్పడం ఎవరి వల్లా కాదు.

అపోహ: తలుపు ఉన్నచోట కూడా ప్లాస్టర్ లెక్క కట్టి కాంట్రాక్టరు మోసం చేశాడు.

వాస్తవం: ఇక్కడ పాపం కాంట్రాక్టరు వైపే న్యాయం. పనుల కొలతలకు ఐఎస్ 1200 అని ఒక ప్రమాణం ఉంది. రెండు వైపులా ఒకే ప్లాస్టర్ ఉన్న గోడలో, 0.5 చదరపు మీటర్ల లోపు ఖాళీలను అసలు తీసేయరు. 0.5 నుంచి 3 చదరపు మీటర్ల దాకా ఒక వైపే తీసేస్తారు. మూడున్నర అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఉన్న తలుపు 24.5 చదరపు అడుగులు, అంటే సుమారు 2.3 చదరపు మీటర్లు. ఒక వైపు తీసేసి రెండో వైపు ఉంచేస్తారు, ఎందుకంటే తలుపు అంచుల లోపలి భాగానికీ మేస్త్రీ ప్లాస్టర్ చేశాడు, దాన్ని విడిగా కొలవరు.

అసలు మోసపోయే చోటు వేరే ఉంది. "చదరపు అడుగుకు ఇంత" అని ఒప్పుకుంటారు, ఏ చదరపు అడుగో రాసుకోరు. బాల్కనీ సగమా పూర్తిగానా, పోర్టికో కలుస్తుందా, మెట్ల గది పైకప్పు, సంపు, కాంపౌండ్ గోడ ఇందులోనివేనా? ఈ నాలుగు ముక్కలు అగ్రిమెంట్‌లో రాయడానికి పది నిమిషాలు పట్టదు. అసలు కొలతల పద్ధతి పేరు ఎత్తని అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకపోవడం మంచిదని నా అభిప్రాయం.

అపోహ: ఆలస్యానికి రోజుకు ఇంత పెనాల్టీ అని రాసుకున్నాం, కోసేసుకోవచ్చు.

వాస్తవం: 1872 నాటి కాంట్రాక్టు చట్టమే 74వ సెక్షన్‌లో చెప్పినదాని ప్రకారం రాసుకున్న మొత్తం పైహద్దు మాత్రమే, ఆ లోపు సమంజసమైన పరిహారమే దక్కుతుంది. నష్టమే లేని చోట రాసుకున్నాం కదా అని మొత్తం లాగేసుకోవడం కుదరదని 2015లో కైలాష్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పైగా టైల్స్ ఎంపిక చేయడానికి ఓనరే నెల తీసుకుంటే ఆ నెల కాంట్రాక్టరు ఖాతాలో వేయలేం.

అపోహ: పర్మిషన్ వచ్చిందంటే ప్లాన్‌ను ప్రభుత్వం చూసి ఓకే చేసినట్టే.

వాస్తవం: 2020 టీఎస్-బీపాస్ చట్టం చిన్న ఇళ్లను స్వీయ ధ్రువీకరణ మీదికి మార్చింది. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో, 10 మీటర్ల లోపు ఎత్తుకు, దరఖాస్తుదారు ఇచ్చిన హామీ మీదే వెంటనే అనుమతి వస్తుంది. తప్పు రాస్తే బాధ్యత సంతకం పెట్టినవాళ్లది. స్లాబు గట్టిదనం సంగతి ఆ అనుమతి పట్టించుకోదు.

ఎయిర్‌పోర్టు పక్కన ఉన్నందుకు ఇక్కడ ఇంకో లెక్క కూడా ఉంది. విమానాల దారిలో అనుమతించే ఎత్తును సముద్ర మట్టం నుంచి కొలుస్తారు. శంషాబాద్ రన్‌వే సముద్ర మట్టానికి 617 మీటర్ల ఎత్తున ఉంది. ఆ హద్దులోకి మెట్ల గది, ఓవర్‌హెడ్ ట్యాంకు, పైన నిలబెట్టే యాంటెనా అన్నీ వస్తాయి. ట్యాంకు ఎత్తు పెంచమని మేస్త్రీకి చెప్పేముందు ఆర్కిటెక్టును అడగాల్సింది ఇందుకే.

అపోహ: ఏదైనా తేడా వస్తే రెరా ఉంది కదా.

వాస్తవం: 2016 నాటి రెరా చట్టం బిల్డర్ దగ్గర ఫ్లాటో విల్లానో కొనేవాళ్ల కోసం. నిర్మాణ లోపాలు స్వాధీనం ఇచ్చిన ఐదేళ్లలోపు బయటపడితే, తెలిపిన 30 రోజుల్లో ప్రమోటరు తన ఖర్చుతో సరిచేయాలి. సొంత ప్లాట్‌లో కాంట్రాక్టరుతో కట్టించుకున్న ఇంటికి ఆ ఐదేళ్లు వాటంతట అవి వర్తించవు. అగ్రిమెంట్‌లో లోపాల గడువు రాసుకోవాలి, ఆ గడువు ముగిసేదాకా బిల్లులోంచి కొంత శాతం ఆపుకోవాలి. అవేవీ రాసుకోనివాళ్లు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇంటి నిర్మాణాన్ని సేవగానే చూస్తుంది. అక్కడ కూడా గోడ ఎవరు జరపమన్నారన్న ప్రశ్న వస్తుంది, అందుకే సైట్‌లోని ఆ మూడు ప్రతుల పుస్తకంలో రెండో ప్రతి ఓనరు దగ్గర ఉండాలి.