కదలెడు రేఖాగణితము

ఒక చతుర్భుజమును గీచి, దాని నాలుగు భుజముల మధ్యబిందువులను గుర్తించి, వానిని వరుసగా కలిపినచో, లోపల నేర్పడునది ఎల్లప్పుడును సమాంతర చతుర్భుజమే యని ఫ్రెంచి గణితజ్ఞుడు పియర్ వారిన్యోఁ నిరూపించెను; ఆయన గతించిన పిమ్మట 1731లో ప్రకటింపబడిన గ్రంథమున ఈ సిద్ధాంతము కానవచ్చుచున్నది. కాగితముమీద దీనిని నేర్చు విద్యార్థికి కనబడునది ఒక్క చతుర్భుజము మాత్రమే. లోపలి ఆకృతి అట్లుండుట సిద్ధాంత బలము చేతనా, లేక చిత్రకారుడు ఎన్నుకొన్న కొలతల చేతనా అను సందేహమునకు ఆ నిశ్చల చిత్రము తావియ్యదు. సందేహమే కలుగనిచోట నిరూపణము పరీక్షకై కంఠస్థము చేయవలసిన పంక్తుల వరుసగా మిగిలిపోవును.

అదే చిత్రమును, కంప్యూటరు తెరపై ఆకృతులను కదలింపనిచ్చు జియోజీబ్రా వంటి సాధనమున నిర్మించినచో వ్యవహారము వేరగును. తెరమీది శీర్షము నొకదానిని వ్రేలితో పట్టి ఈడ్చినంతనే, దాని నంటియున్న రెండు భుజములు సాగును, వాని మధ్యబిందువులు స్థానములు మార్చుకొనును, లోపలి ఆకృతి సన్నబడుచు, వెడల్పగుచు, ఒరుగుచు నుండును; కాని దాని ఎదుటి భుజముల సమాంతరత్వము ఒక్క క్షణమైనను చెడదు. శీర్షమును లోనికి త్రోసి చతుర్భుజమును నొక్కుపడిన ఆకృతిగా మార్చినను చెడదు. ఇంకను త్రోసి, భుజములే ఒకదాని నొకటి ఖండించునట్లు చేసినను చెడదు. చతుర్భుజమని పిలుచుటకే మనసొప్పని ఆ వంకర ఆకృతిలో సైతము నియమము నిలిచియుండుట చూచిన బాలునికి ఆశ్చర్యము కలుగుట సహజము. ఆ ఆశ్చర్యము నుండియే 'ఎందువలన?' అను ప్రశ్న పుట్టును.

సమాధానము మాత్రము తెరమీద దొరకదు. ఎదురెదురు శీర్షములను కలుపు కర్ణము నొకదానిని గీయవలెనని ఎవరికో ఒకరికి తోచవలెను. అది గీచినంతనే చతుర్భుజము రెండు త్రిభుజములగును. మన పాఠశాలలలో 9వ తరగతి విద్యార్థులు చదువు మధ్యబిందు సిద్ధాంతము ననుసరించి, ఒక్కొక్క త్రిభుజమున రెండు భుజముల మధ్యబిందువులను కలుపు రేఖ ఆ కర్ణమునకు సమాంతరమై, దానిలో సగము పొడవు కలదై యుండును. ఒకే కర్ణమునకు రెండును సమాంతరములు, రెండును దానిలో సగములు. కావున తమలో తాము సమాంతరములును సమానములును అగును. కదలిక ఇచ్చునది నమ్మకము. కర్ణము ఇచ్చునది కారణము. అంతర్జాలమున గణితము నేర్పుటకై నేడు వెలసిన సాధనములలో ఏది మేలైనదని నిర్ణయించుటకు నాకు తోచిన కొలమానము ఒక్కటే: విద్యార్థిని నమ్మకము వద్దనే విడిచిపెట్టునా, కారణము వరకు నడిపించునా అనునది.

ఇట్టి సాధనముల లోపలి యేర్పాటు తెలిసికొనదగినది. వీనిలో ప్రతి చిత్రమును బంధుత్వముల సముదాయమే. కొన్ని బిందువులు స్వతంత్రములు. వానిని ఎచటికైనను ఈడ్వవచ్చును. తక్కినవి పరతంత్రములు, 'ఈ రెంటికి మధ్యబిందువు', 'ఈ రేఖకు లంబము' అను నిర్వచనములతో పుట్టినవి. స్వతంత్ర బిందువు కదలినంతనే యంత్రము ఆ నిర్వచనము లన్నింటిని వరుసగా మరల లెక్కించి చిత్రమును క్రొత్తగా గీయును. ఇది రెప్పపాటులో ముగియుట చేత మనకది అవిచ్ఛిన్నమైన చలనముగా తోచును. కంటి అంచనాతో నాలుగు బిందువులు పెట్టి చతురస్రమును గీచిన విద్యార్థి, ఒక మూలను ఈడ్చి చూచినచో ఆ చతురస్రము తక్షణమే చెదరిపోవును. భుజమునకు లంబమును, దానిపై వృత్తముతో కొలిచిన సమాన దూరమును ఉపయోగించి నిర్మించినవాని చతురస్రము ఎంత ఈడ్చినను చతురస్రముగానే యుండును. చతురస్రమువలె కనబడుట వేరు, చతురస్రమగుట వేరు అను విషయమును ఇంత సూటిగా తెలుపగల ఉపన్యాసము నేనెరుగను.

ఈ మార్గమున మొదటివారు ఫ్రాన్సు దేశమున గ్రెనోబుల్ నగరమున జాఁ-మరీ లాబోర్డు బృందమువారు. 1980 దశకమున వారు కాబ్రి యను సాధనమును రూపొందించిరి. 1991లో అమెరికాలో నికొలస్ జాకివ్ రచించిన జియోమీటర్స్ స్కెచ్‌ప్యాడ్ వెలువడెను. ఆస్ట్రియా దేశపు సాల్జ్‌బర్గు విశ్వవిద్యాలయమున మార్కుస్ హోహెన్‌వార్టర్ 2001లో తన పట్టపరీక్షా వ్యాసముగా ఆరంభించిన జియోజీబ్రా, రేఖాగణితమును బీజగణితమును ఒక్క తెరపై జోడించి, విద్యార్థులకు ఉచితముగా లభించుట చేత లోకమంతటను వ్యాపించినది.

కాని చూపు మోసగించు తావులును కలవు. ఆ తావులను దాచక ముందుకు తెచ్చుటయే మంచి పాఠము. ఒక వృత్తముపై కొన్ని బిందువులు పెట్టి, ప్రతి బిందువును తక్కిన అన్నింటితో జ్యాలచే కలిపినచో వృత్తము ఎన్ని భాగములగును? రెండు బిందువులకు 2, మూటికి 4, నాలుగింటికి 8, అయిదింటికి 16. తరువాతి సంఖ్య యేదని అడిగినచో తరగతి యంతయు ముక్తకంఠముతో 32 అనును. ఆరవ బిందువును పెట్టి లెక్కించినచో వచ్చునది 31. ఆరు బిందువులును సమదూరమున నున్నచో 30 మాత్రమే; ఏలయన మూడు జ్యాలు కేంద్రము వద్ద ఒక్క బిందువున కలిసికొనును. అప్పుడొక బిందువును వృత్తముపై ఇసుమంత జరిపినచో కేంద్రము వద్ద అతిసూక్ష్మమైన త్రిభుజమొకటి విచ్చుకొని, సంఖ్య 31 అగును. ఎంత ప్రయత్నించినను ముప్పది రెండవ భాగము మాత్రము పుట్టదు. మొదట అఖండముగా నున్న వృత్తము ఒక్క భాగము. ప్రతి జ్యా మరియొక భాగమును, వృత్తము లోపల జ్యాలు ఖండించుకొను ప్రతి బిందువు ఇంకొక భాగమును చేర్చును. ఆరు బిందువులకు జ్యాలు 15, ఖండన బిందువులును 15. అన్నియు కూడి 31. నాలుగైదు ఉదాహరణములలో కనబడిన క్రమము నియమము కాజాలదని బాలుడు తన వ్రేలితో తానే తెలిసికొనుటకు తెర యిచట అద్భుతముగా తోడ్పడును. అయితే ఒక షరతు కలదు: ఆరవ బిందువును పెట్టక పూర్వమే అతడు తన ఊహను వ్రాసియుండవలెను. వ్రాయనివాడు 31ని చూచి 'ఔను కాబోలు' అనుకొని సాగిపోవును. 32 అని వ్రాసినవాడు ఆగిపోవును. జియోజీబ్రాతో పాఠమును కూర్చు ఉపాధ్యాయుడు చిత్రము సరసన ప్రశ్నయు, జవాబు వ్రాయుటకు గడియు పెట్టవచ్చును. ఆ చిన్న గడికి చిత్రమంత విలువ కలదని నా దృఢ విశ్వాసము.

తప్పును ఆలోచనకు సోపానముగా చేయుట ఈ సాధనములకన్న పాతది. 1967లో అమెరికాలోని కేంబ్రిడ్జి పట్టణమున వాలీ ఫ్యూర్జిగ్, సేమూర్ పేపర్టు, సింథియా సోలమన్ లోగో యను భాషను సృష్టించిరి. 'ముందుకు సాగుము, ఇంత కోణము తిరుగుము' అను ఆజ్ఞలతో తెరమీది తాబేలును నడిపించి బాలురు ఆకృతులను గీయుదురు. సమబాహు త్రిభుజమును గీయగోరిన బాలుడు దాని కోణము 60 డిగ్రీలు కదా యని ప్రతి మూల వద్దను 60 డిగ్రీలు తిప్పినచో తాబేలు త్రిభుజమునకు బదులు షడ్భుజము వైపు నడచును. త్రిభుజము మూసుకొనవలెనన్నచో తిరుగవలసినది 120 డిగ్రీలు. లోపలి కోణము వేరు, నడచువాడు తిరుగు కోణము వేరు. ఇచట తప్పును దిద్దువాడు ఉపాధ్యాయుడు కాడు. బాలుడే లేచి నిలిచి, తాను తాబేలై నడచి, కారణమును కనుగొనును.

జవాబులను దిద్దు యంత్రముల విషయమున మార్పు మరింత సూక్ష్మమైనది. నాలుగు సమాధానముల నిచ్చి ఒకదానిని గుర్తింపుమను పద్ధతి విద్యార్థి యేమి యోచించెనో తెలుపదు. క్రిస్ సాంగ్విన్ 2004లో బ్రిటన్ దేశపు బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయమున ఆరంభించిన స్టాక్ యను వ్యవస్థ వేరొక త్రోవ త్రొక్కినది. విద్యార్థి తన సమాసమును తానే వ్రాయును. దానిని తానెట్లు గ్రహించెనో యంత్రము ముందుగా చూపును. పిమ్మట మాక్సిమా యను బీజగణిత యంత్రము ఆ సమాసమునుండి సరియైన సమాసమును తీసివేసి శేషము సున్న యగునా యని పరీక్షించును. కావున ఒకే జవాబును పలు రూపములలో వ్రాసినను అన్యాయము జరుగదు. (అ + ఇ)² ను విస్తరింపుమన్నచో అ² + ఇ² అని వ్రాయువారు ప్రతి తరగతిలోను కలరు. ప్రశ్నకర్త ఈ పొరపాటును ముందే ఊహించి, 'అ స్థానమున 3, ఇ స్థానమున 4 ఉంచి రెండు వైపులను లెక్కింపుము' అని సమాధానము పెట్టవచ్చును. ఒకవైపు 49, మరియొకవైపు 25 వచ్చును. 'తప్పు' అను ఒక్క మాటకన్న ఆ రెండు సంఖ్యలు ఎక్కువ నేర్పును.

ఇంతకన్న గొప్ప ప్రయోజనము వేరొకటి కలదు. 'బేసి ప్రమేయము నొకదానిని ఉదాహరింపుము' అను ప్రశ్నకు సరియైన జవాబులు అనంతములు. నూరుగురు నూరు విధముల వ్రాసినను, చలరాశికి గుర్తు మార్చి ప్రతిక్షేపించి, రెంటిని కూడగా సున్న వచ్చునా యని యంత్రము క్షణమున చూడగలదు. 'బేసియు సరియు రెండును అగు ప్రమేయము కలదా?' అని వెంటనే అడిగినచో, విద్యార్థి నిర్వచనముల కడకు మరల పోయి, అట్టిది శూన్య ప్రమేయ మొక్కటియే యని తనంతట తాను చేరుకొనవలెను.

ఇక కారణము చెప్పించుట యెంత ఫలవంతమో తెలిపిన పరిశోధన యొకటి పిట్స్‌బర్గు నగరమున కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున జరిగినది. విన్సెంట్ అలెవెన్, కెన్నెత్ కోడింజర్ అనువారు 2002లో దానిని ప్రకటించిరి. రేఖాగణితమును నేర్పు కంప్యూటరు బోధకునితో అభ్యసించు విద్యార్థులలో ఒక వర్గమువారు కోణముల విలువలను మాత్రమే పూరింపవలెను. రెండవ వర్గమువారు విలువతోపాటు ఏ సిద్ధాంతము వలన అది వచ్చెనో కూడ పేర్కొనవలెను. ఒకే వ్యవధిలో రెండవ వర్గమువారు చేసిన లెక్కలు తక్కువ. కాని అవగాహన వారిదే లోతైనది. ఇచ్చిన వివరములు జవాబునకు చాలని లెక్కలను గుర్తించుటలోను వారే మెరుగుగా నుండిరి. ఎన్ని లెక్కలు పూర్తిచేసితిమని సంఖ్యలతోను, పతకములతోను పిల్లలను ఉత్సాహపరచు అనువర్తనములు నేడు కొల్లలుగా నున్నవి. వానిని కొని యిచ్చు తల్లిదండ్రులు ఈ ఫలితమును తెలిసికొనుట అవసరము.

వేగమును మెచ్చుకొను తెర వేరొక దురభ్యాసమునకును దారితీయును. ఇట్టి బోధక యంత్రములలో సూచనలు మెట్లు మెట్లుగా నుండి, కట్టకడపటి సూచన జవాబునే చెప్పివేయును. కొందరు విద్యార్థులు నడిమి సూచనలను చదువక, మీట వెంట మీట నొక్కి కడపటిదానికే పోవుదురు. మరికొందరు సరియైన సంఖ్య తగులువరకు వరుసగా సంఖ్యలు వ్రాయుచు పోవుదురు. పరిశోధకుడు రయన్ బేకర్, ఆయన సహచరులు 2004లో ఈ నడవడిని పరిశీలించి, ఇట్టివారు తక్కువ నేర్చుకొనుచున్నారని చూపిరి. ఈ దోషము బాలురది మాత్రమే యని నేననుకొనను. జవాబు గడి నిండినంతనే పచ్చని గురుతు చూపి తరువాతి లెక్కకు తరుము యంత్రమే వారికా త్రోవను చూపుచున్నది. గణితజ్ఞుడు జార్జి పోల్యా 1945లో సమస్యాసాధనను నాలుగు దశలుగా వివరించుచు, సాధించిన పిమ్మట వెనుదిరిగి చూచుటను నాలుగవ దశగా నిలిపెను: ఫలితమును వేరొక విధమున రాబట్టగలమా, ఈ ఉపాయము వేరొకచోట పనికివచ్చునా యని ప్రశ్నించుకొనుట అది. పచ్చని గురుతు సాధారణముగా ఆ దశను కాజేయును. దాని తరువాత 'ఇదే ఫలితమును మరియొక విధమున చూపుము' అను ఒక్క గడి నుంచినచో అది తిరిగి వచ్చును.

ఈ గడులలోని మాట లెవరు వ్రాయుదురు? స్టాక్ వ్యవస్థ యొక్క మూలలిపి అందరికిని తెరచియున్నది. ప్రశ్నలను, తప్పులకు తగిన సమాధానములను వ్రాయువాడు ప్రశ్నకర్తయే, ఏ భాషలోనైనను వ్రాయవచ్చును. గుణకారమును, సమీకరణమును తెలుగు మాధ్యమమున నేర్చి, కళాశాలలో అడుగిడినంతనే ఆంగ్ల వివరణముల నడుమ మూగవోవు విద్యార్థి మన ప్రాంతమున సామాన్యుడు. చిహ్నములను అతడు వ్రాయగలడు, 'ఎందుకనగా' అని తన భాషలో చెప్పగలడు గాని పరభాషలో నాలుగు మాటలు కూర్చుటకు జంకును. అతని తరగతిలో ఏయే తప్పులు దొర్లునో యేండ్ల తరబడి జవాబుపత్రములు దిద్దిన మన గణితోపాధ్యాయులకు తెలిసినంతగా సాల్జ్‌బర్గువారికిగాని బర్మింగ్‌హాంవారికిగాని తెలియదు. అట్టి ఉపాధ్యాయులు పదిమంది కలిసి, ఇంటర్మీడియెట్ బీజగణితములో తాము తరచుగా చూచు పొరపాట్లకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఎదురుప్రశ్నను తెలుగున వ్రాయ బూనినచో, దానికి వలసిన యంత్రము ఈనాడే సిద్ధముగా నున్నది.