అమ్మేసిన ఫిడేలు, ముప్పై అయిదేళ్ళకు మెట్రిక్

పుస్తకాల గురించి తూకం వేసి రాయడానికి విమర్శకులున్నారు. నాది వంటింటి గట్టు మీది చదువు. కుక్కరు మూడో కూత కూసేలోపు రెండు పేజీలు, పిల్లలు స్కూలు నుంచి వచ్చేలోపు ఇంకో పది. కథలు రాసుకునేదాన్ని కాబట్టి చదువుతూ చదువుతూ "ఇక్కడ ఇలా ఎందుకు ఆపాడబ్బా" అని ఆలోచించే జబ్బు కూడా ఉంది. ఈ నాలుగైదు నెలల్లో చదివిన మూడు పుస్తకాలు మాత్రం నన్ను ఒకే ప్రశ్న చుట్టూ తిప్పుతున్నాయి. ఇంట్లో ఆడదానికి "ఇది నాది" అనుకోదగ్గది ఏముంటుంది? అది పోయిన రోజున ఇంట్లో ఎవరికైనా తెలుస్తుందా?

మొదటిది "చాసో కథలు". చాగంటి సోమయాజులు గారు 1915లో పుట్టి, విజయనగరంలో బతికి, 1994లో కన్నుమూశారు. ఎక్కువ రాయలేదు. రాసినవాటిలో ఒక్క మాట తీసేయడానికి వీలుండదు. "వాయులీనం" మీలో చాలామంది చదివే ఉంటారు. రాజ్యానికి జబ్బు చేస్తుంది. మందులకు డబ్బు కావాలి. భర్త ఆమె ఫిడేలు అమ్మేస్తాడు. మిగిలిన డబ్బుతో ఆమెకో చీర కొని తెస్తాడు. అంతే కథ.

ఆ భర్త చెడ్డవాడు కాదు. తాగుబోతు కాదు, కొట్టేవాడు కాదు, పెళ్ళాం బతకాలని తాపత్రయపడినవాడు. చాసో అతన్ని ఒక్క మాట అనలేదు. గుండె పట్టేసేది అక్కడే. తిట్టడానికి మనిషి దొరికితే మనకి కొంత సుఖంగా ఉంటుంది కదూ!

ఈ కథ మా అత్తయ్యకి చదివి వినిపించాను. ఆవిడ చింతపండు గింజలు తీస్తూ అంతా విని, "సీర కొన్నాడు కదమ్మా, ఇంకేటి కావాలంట దానికి?" అన్నారు. నాకు వాదించాలనిపించింది. ఈలోగా ఆవిడే, "మీ మావ బోరు తవ్వించడానికి నా కడియాలట్టుకెళ్ళి అమ్మీసినప్పుడు జాకెట్టు గుడ్డయినా తెచ్చేడేటి?" అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ కడియాల మాట నేను వినడం అదే మొదలు. పడ్డ నీళ్ళతో పొలం పండింది, పిల్లలు చదివారు, అందరూ బోరు గురించే చెప్పారు. తర్వాత మా చుట్టుపక్కల భూములు ఫ్యాక్టరీలకి పోయినప్పుడు పరిహారం పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్ళ చేతికే వచ్చింది. కలుపు తీసిన చేతులకి పట్టాలుండవు. ఆ కథ మీరు కూడా మీ ఇంట్లో పెద్దవాళ్ళకి చదివి వినిపించి చూడండి, ఏమేం బయటికొస్తాయో.

రెండోది రావిశాస్త్రి గారి "ఆరు సారా కథలు". ఆయన విశాఖలో వకీలు. మద్యనిషేధం చట్టం పేరు చెప్పి కోర్టుల చుట్టూ తిరిగే బీదవాళ్ళని దగ్గరగా చూసినవారు. "మాయ" కథలో ముత్యాలమ్మకి ఫిడేలూ లేదు, కడియాలూ లేవు. ఉన్నదల్లా నోరు. లోకమంతా డబ్బు మీద ఎలా నడుస్తోందో కుర్ర ప్లీడరుకి ఆవిడ చెప్పే తీరు వింటుంటే, మా పరవాడ సంతలో చేపల బుట్ట దగ్గర నిలబడినట్టే ఉంటుంది. మన యాసని వెక్కిరింతకి కాక, నిజం చెప్పడానికి వాడిన రచయిత ఆయన. ఒక్క ఫిర్యాదు: ఉపమానం మీద ఉపమానం వేస్తూ పోతారు. ఒక్క పూటలో రెండు కథలు చదివితే నాకు ఆయాసం వచ్చింది. రోజుకొకటి చాలు.

ఇక మూడోది, నా నిద్ర పాడుచేసింది, కొండపల్లి కోటేశ్వరమ్మ గారి "నిర్జన వారధి". 1918లో పామర్రులో పుట్టారు. ఊహ తెలియని వయసులో పెళ్ళి, ఊహ తెలిసేసరికి వైధవ్యం. తర్వాత కొండపల్లి సీతారామయ్య గారితో పునర్వివాహం, కమ్యూనిస్టు పార్టీ పని, పాటలు, రహస్య జీవితం. అన్నీ దాటుకుని వచ్చాక భర్త విడిచి వెళ్ళిపోయారు. ఇద్దరు పిల్లలు. చేతిలో చదువు లేదు.

మా అమ్మ మాలతీ చందూర్ గారి "పాత కెరటాలు" కత్తిరించి దాచేది. పరాయి దేశాల నవలల పేర్లు నాకు తెలిసింది ఆ కాగితాల్లోనే. ఆ రుచితోనే తర్వాత ఇబ్సెన్ 1879లో రాసిన "డాల్స్ హౌస్" నాటకం చదివాను. అందులో నోరా తలుపు మూసి వెళ్ళిపోతుంది. తెర పడుతుంది. మర్నాడు ఆమె ఎక్కడ తిన్నదో, అద్దె ఎవరు కట్టారో ఇబ్సెన్ చెప్పలేదు. కోటేశ్వరమ్మ గారి పుస్తకం నా లెక్కలో ఆ మర్నాటి కథ. అదీ తలుపు తను మూసింది కాదు, తన ముఖాన మూసుకున్నది. ముప్పై అయిదేళ్ళ వయసులో హైదరాబాదు వెళ్ళి ఆంధ్ర మహిళా సభలో మెట్రిక్ చదివారు. కాకినాడలో ఆడపిల్లల పాలిటెక్నిక్ హాస్టల్లో మేట్రన్ ఉద్యోగం సంపాదించుకుని తన అన్నం తను తిన్నారు. కొడుకు చందు విప్లవోద్యమంలోకి వెళ్ళి తిరిగి రాలేదు. కూతురు కరుణ కూడా తల్లి కంటే ముందే పోయింది. 2012లో పుస్తకం అచ్చయ్యేసరికి ఆవిడకి తొంభై నాలుగేళ్ళు. నూరేళ్ళు నిండాక 2018 సెప్టెంబరులో మన విశాఖలోనే పోయారు.

ఇంత బతుకూ చెబుతూ ఆవిడ గొంతు ఎక్కడా పెంచలేదు. కథకురాలిగా నాకు అసూయ కలిగింది అక్కడే. పార్టీ మనుషుల పేర్లు ఒకదాని మీద ఒకటి వచ్చి పడి కాస్త తికమక పెడతాయి, నిజమే. వాటిని దాటి ముందుకి పోండి.

ఈ పుస్తకం మా వీధి చివర ఉండే ఒకావిడ పట్టుకెళ్ళారు. ఇంటర్ అయ్యాక పెళ్ళి, ఇద్దరు పిల్లలు, ఆయనకి షిఫ్టు డ్యూటీలు. రెండు వారాల తర్వాత పసుపు మరకతో తిరిగి ఇస్తూ, "ముప్పై అయిదేళ్ళప్పుడు చిన్నపిల్లల పక్కన కూర్చుని చదవడానికి ఆవిడకి సిగ్గనిపించలేదంటారా అండీ?" అని అడిగారు.

"ఆవిడకి వేరే దారి లేదు కదండీ" అన్నాను.

కాసేపు గుమ్మంలోనే నిలబడి, "దారి ఉన్నవాళ్ళకే సిగ్గు కాబోలు" అన్నారు.

దూరవిద్యలో డిగ్రీ చెయ్యాలని ఆవిడకి ఎప్పట్నుంచో ఉందట. ఫీజుకి ఆయన్ని అడగాలి. అడిగితే "ఇప్పుడెందుకు?" అంటారని భయం. చీటీ డబ్బులున్నాయి గానీ అవి పాప గొలుసుకి అనుకున్నారు. "గొలుసు నేను కొనిపెడతానని పాపకి మాటిచ్చేశానండీ" అని ఆగిపోయారు. నేను సలహా చెప్పలేదు. ఆ డబ్బు ఎవరిదో ఆవిడే తేల్చుకోవాలి.

దరఖాస్తు ఇంకా నింపలేదు. ఆఖరి తేదీ ఎప్పుడో మాత్రం కనుక్కున్నారు. మొన్న వచ్చి "నిర్జన వారధి" మళ్ళీ పట్టుకెళ్ళారు.